నీళ్లొచ్చాయి, ఈత రాలేదు

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గార్లకు,



ఎండాకాలం సెలవులు దగ్గర పడగానే మన మూడు జిల్లాల్లోనూ దాదాపు ఒకే మాటలతో ప్రకటన వస్తుంది: పిల్లల్ని చెరువులు, కుంటలు, కాలువల వైపు పంపవద్దు, తల్లిదండ్రులు జాగ్రత్తగా ఉండాలి. ఆ తర్వాత బడులు తెరిచేదాకా పేపర్లలో జిల్లా పేజీ తిరగేస్తే ఒకే వార్త, ఊరి పేరు మాత్రం మారుతుంది. ఈతకని వెళ్లిన పిల్లలు తిరిగి రాలేదు. ప్రకటన ఇచ్చినవారి ఆవేదనను నేను శంకించడం లేదు. నీళ్ల దగ్గరికి పోవద్దని చెప్పి ఊరుకుంటే సరిపోదని, పోయిన పిల్లవాడు బతికి ఒడ్డుకు చేరేలా వాణ్ణి తయారు చేయడం కూడా ప్రభుత్వం పనేనని మీకు విన్నవించడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను 1970లలో వనపర్తి ప్రాంతపు పల్లెలో పెరిగినవాణ్ణి. పెద్దయ్యాక ఈ చుట్టుపక్కల బడుల్లోనే పాఠాలు చెప్పి రిటైరయ్యాను. నా ఈడువాళ్లు నలుగురు కలిస్తే "మా కాలంలో" అని మొదలుపెడతారు. బావుల్లో దుంకిన సంగతులు, గుట్టలెక్కిన సంగతులు, పొద్దు మునిగేదాకా ఇల్లు పట్టకుండా తిరిగిన సంగతులు చెప్పుకుని, ఇప్పటి పిల్లలు ఫోన్లకు అతుక్కుపోయారని నిట్టూరుస్తారు. ఆ బాల్యం మీద నాకూ ప్రేమ ఉంది, దాచుకోను. అయితే దానికి నిట్టూర్పు చాలదు. అందులో పిల్లల్ని కాపాడినదేమిటో, కాపాడలేనిదేమిటో విడదీసి చూస్తేనే ఇప్పటి పిల్లలకు పనికొచ్చేది చేతికొస్తుంది.

ముందు ఈత సంగతి. మా ఊళ్లో ఈత నేర్పడానికంటూ ఎవరూ ఉండేవారు కాదు. మేనమామో, పెద్దనాయన కొడుకో, పశువులు కాసే పెద్దపిల్లవాడో ఆ పని చూసుకునేవాడు. ఎండిన సొరకాయ బుర్రను పాత ధోవతి పీలికతో వీపుకు బిగించి కట్టేవారు. మొదట్లో మోటబావి మెట్ల మీద నడుం లోతున నిలబడి, రాయి పట్టుకుని కాళ్లు కొట్టడమే పని. తర్వాత కడుపు కింద అరచేయి ఆనించి తేల్చేవారు. కొన్నాళ్లకు ఆ చేయి తీసేవారు, తీసిన సంగతి మనకు తెలిసేది కాదు. బుర్రతో బావిని అడ్డంగా దాటడం వచ్చాకే బుర్ర విప్పేవారు. అదీ కుదిరాక దరి మీంచి దుంకడం, అన్నిటికన్నా చివర మోట తోలే ఎత్తు మీంచి దుంకడం. వరుస తప్పి ముందుకు ఉరికినవాణ్ణి చెవి మెలిపెట్టి మళ్లీ మెట్ల మీద నిలబెట్టేవారు.

ఈతతో పాటు నాలుగు మాటలు కూడా చెవిలో వేసేవారు. "తెల్వని నీళ్లల్ల తలకాయ ముందర పెట్టి దుంకొద్దు, ముందుగాల కాళ్లతోని లోతు చూడాలె." "ఒక్కనివే బాయికాడికి పోవద్దు." "మునిగేటోనికి చెయ్యి ఇయ్యొద్దు, తువ్వాలో తాడో ఇసరాలె." చివరి మాటను ఈ రోజు రక్షణ శిక్షణ ఇచ్చేవారు ఎక్కడైనా మొదటి పాఠంగా చెబుతారు. మునుగుతున్న స్నేహితుణ్ణి కాపాడబోయి వెంట దుంకిన పిల్లలు ఒకరి వెనుక ఒకరు పోతున్నారంటే, ఆ ఒక్క మాట వాళ్ల చెవిన పడకపోవడం పెద్ద కారణం.

బావి ఒక్కటే కాదు. మన నేలంతా రాతి గుట్టలు. ఊరి పక్క గుట్టకు ఒక జారుడుబండ తప్పకుండా ఉండేది. తంగేడు మండ విరుచుకుని, ఆకులున్న వైపు కింద పరుచుకుని, కాడను ముందుకు పెట్టి రెండు చేతులా పట్టుకుని జారేవాళ్లం. ఆకులు పచ్చిగా ఉన్నంతసేపు మండ సర్రున పోయేది. మొదట బండ నడిమి నుంచి, ధైర్యం వచ్చాక పైనుంచి. మడమలు ఎక్కడ ఆనించాలో, కింద రేగుకంప ఏ పక్కన ఉందో, చిన్నపిల్లవాడు అడ్డం వస్తే మండను ఎటు తిప్పాలో ఎవరూ చెప్పలేదు. మోకాళ్లే చెప్పాయి.

కాముని పున్నమికి కట్టెలు, పిడకలు పోగుచేసి మంట పేర్చేది పిల్లలే. పీర్ల పండుగకు అలావ గుండం చుట్టూ పెద్దలతో కలిసి ఎగిరేవాళ్లం. వేడి ఎంత దూరం నుంచి తగులుతుందో, గాలి తిరిగితే ఎటు జరగాలో అక్కడ తెలిసింది. పల్లిచేను పీకే రోజుల్లో గట్టు మీద ఎండుటాకులు పోగేసి, పల్లికాయ కాల్చుకుని తిని, పోయేముందు మట్టి కప్పి మంట ఆర్పాలన్న నియమం ఎవడూ మీరేవాడు కాదు. చేను కాలితే ఎవరిల్లు కూలుతుందో అందరికీ తెలుసు. పెబ్బేరు సంతకు ఎడ్లను తోలుకుపోయే పెద్దల వెంట నడిచినవాళ్లున్నారు. కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్ల పిల్లలు పుట్టిలో కూర్చుని, గుండ్రంగా తిరిగే ఆ పడవను తెడ్డు వేసి నిలబెట్టడం చిన్నప్పుడే పట్టుకునేవారు. అచ్చంపేట వైపు పిల్లలు చైత్ర పున్నమికి సలేశ్వరం లోయలోకి తాతల చేయి పట్టుకుని రాళ్ల మీద దిగేవారు.

నార్వే పరిశోధకురాలు ఎలెన్ సాండ్‌సేటర్ 2007లో పిల్లల సాహసపు ఆటలను ఆరు రకాలుగా విడదీసి చెప్పారు: ఎత్తులు ఎక్కడం, వేగంగా పోవడం, పదునైన పనిముట్లు వాడడం, నీరు నిప్పు వంటివాటి దగ్గర మసలడం, కలబడి పెనుగులాడడం, పెద్దల కంటికి కనబడకుండా తిరిగి దారి వెతుక్కోవడం. భయాన్ని కొంచెం కొంచెంగా రుచి చూసి, దాన్ని అదుపులో పెట్టుకోవడం పిల్లలు ఈ ఆటల్లోనే నేర్చుకుంటారని ఆ రంగంలో పనిచేసేవారు అంటున్నారు. ఆరింటికి ఆరూ మా ఊరి పొలిమేరలోనే ఉండేవి. కొడవలి పట్టని పిల్లవాడు, కబడ్డీ ఆడి మోచేయి కొట్టుకోని పిల్లవాడు అరుదు.

అంత ప్రమాదం మధ్య తిరిగిన మాకు కాపలా ఎవరు? చూస్తే ఎవరూ లేరనిపిస్తుంది. నిజానికి ఊరంతా కాపలా. మోటబావి దగ్గర మోట తోలేవాడు ఉండేవాడు. చెరువు దగ్గర చాకలివాళ్లు బట్టలుతికేవారు, చేపలు పట్టేవారు వలలు ఆరబెట్టేవారు. గుట్ట కింద మేకలు కాసేవాళ్లు, తోవలో కట్టెలమోపు దించుకుని ఆగినవాళ్లు. వాళ్లలో ఒక్కరూ నన్ను చూసుకొమ్మని మా అమ్మ చెప్పినవాళ్లు కారు. అయినా లోతుకు పోతున్నవాణ్ణి "ఎవని కొడుకువురా నువ్వు" అని గదిమే హక్కు అందరికీ ఉండేది. మేం స్వేచ్ఛ అనుకున్నది పెద్దలు లేకపోవడం వల్ల వచ్చింది కాదు. ఎక్కడికి పోయినా ఎవరో ఒక పెద్ద మనిషి ఉండడం వల్ల వచ్చింది.

నల్లమల చెంచులు తేనె కోసం కొండ అంచు మీంచి తాడు పట్టుకుని దిగుతారు. పైన ఆ తాడు పట్టుకునేవాడు బావమరిది అని వాళ్లలో చెప్పుకునే మాట. అక్కాచెల్లెళ్ల పసుపుకుంకుమల మీద ప్రేమ ఉన్నవాడు తాడు వదలడు కదా. కొండ అంచుకు పోవద్దని ఆ సమాజం అనలేదు. తాడు ఎవరి చేతిలో ఉండాలో తేల్చుకుంది. మన పిల్లల విషయంలో మనం తేల్చుకోవలసింది కూడా అదే.

ఇక మా జ్ఞాపకాలు చెప్పని సంగతులు. "మాకేమైంది, మేం బతకలేదా" అని అనగలిగేది బతికినవాళ్లే. బావిలో పడి పోయినవాళ్లు, పాము కరిచి పోయినవాళ్లు, చింతచెట్టు మీంచి పడి మంచం పట్టినవాళ్లు ఈ ముచ్చట్లలో కూర్చుని మాట్లాడరు. 2007 జనవరిలో కొల్లాపూర్ ప్రాంతంలో మంచాలకట్ట దగ్గర కృష్ణలో పడవ మునిగి 60 మందికి పైగా చనిపోయారు. నదినీ నీటినీ తేలిగ్గా తీసుకునే హక్కు ఈ నేల మీద ఎవరికీ లేదు.

ఆ స్వేచ్ఛ అందరికీ అందలేదు కూడా. మోటబావిలో దుంకింది మగపిల్లలు. ఆడపిల్లలు దరిన కూర్చుని బట్టలకు కాపలా ఉన్నారు, లేదా ఇంట్లో చంటిపిల్లను చంకనేసుకున్నారు. ఏడాదిలో వాళ్లు జంకు లేకుండా గుట్టలూ చేలగట్లూ తిరిగింది బతుకమ్మ రోజుల్లో, తంగేడు పూలకూ గునుగు పూలకూ పోయినప్పుడే. ఊరి బావుల్లో ఎవరు దిగవచ్చో, ఎవరు దిగకూడదో కులం నిర్ణయించింది. ఒకే ఊళ్లో పుట్టి, ఒకే బడిలో చదివి, ఒకే నీళ్లలో దిగలేని పిల్లలు మా పక్కనే ఉన్నారు. గుంపు మేస్త్రీ వెంట దేశమంతా ఆనకట్టలు కట్టడానికి పోయిన పాలమూరు కూలీల పిల్లలు మట్టికుప్పల పక్కన పెరిగారు. కొందరు ముసలి తాతమ్మల దగ్గర దిగులుగా మిగిలారు. తర్వాతి కాలంలో గద్వాల వైపు నడిగడ్డ అంతా సీడ్ పత్తి వచ్చింది. సాయంత్రం పువ్వు విప్పి కేసరాలు తీసేయడం, మర్నాడు పొద్దున పుప్పొడి రుద్దడం. ఆ క్రాసింగ్ పనికి చిన్న వేళ్లు, మొక్కంత ఎత్తు మనుషులు కావాలని బడి ఈడు పిల్లల్ని, అందులోనూ ఆడపిల్లల్ని, చేలల్లోకి తోలారు. పూత కాలమంతా వాళ్ల పేర్లు హాజరు పట్టీలోనే ఉండేవి, వాళ్లు చేలో ఉండేవారు. గద్వాల వైపు ఒక తరం ఆడపిల్లలకు బాల్యం అంటే పత్తిపువ్వు.

అందుకని పాత రోజులు తిరిగి తెమ్మని నేను అడగడం లేదు. మాలో కొందరికే దక్కినదాన్ని ఈసారి అందరికీ, ప్రాణం మీదికి రాకుండా అందించమని అడుగుతున్నాను.

ఇప్పుడు అసలు విషయం. మా బావులు ఎందుకు పోయాయో మీ రికార్డుల్లోనే ఉంటుంది. మోటలు పోయి కరెంటు మోటార్లు వచ్చాయి, మోటార్ల తర్వాత బోర్లు వచ్చాయి. బోర్లు లోతుకు పోయినకొద్దీ బావులు ఎండాయి. కరువు మీద కరువు వచ్చింది, చెరువులు తుమ్మచెట్లతో నిండాయి. నేను బడిలో ఉన్న కాలంలోనే ఈత రాని పిల్లలు, తర్వాత ఈత రాని తండ్రులు తయారయ్యారు. నేర్చుకుందామంటే నీళ్లు లేవు. మేనమామ నుంచి మేనల్లుడికి అందవలసిన విద్య మధ్యలో తెగిపోయింది.

ఆ తర్వాత నీళ్లొచ్చాయి. జూరాల కాలువలు, జూరాల నుంచి ఎత్తిపోసే నెట్టెంపాడు, భీమా, శ్రీశైలం వెనుకజలాల నుంచి ఎల్లూరు, జొన్నలబొగుడ, గుడిపల్లిగట్టు మీదుగా వచ్చే కల్వకుర్తి ఎత్తిపోతల. గుడెందొడ్డి, ర్యాలంపాడు జలాశయాలు, శ్రీరంగాపూర్ రంగసముద్రం, శంకరసముద్రం నిండాయి. సంస్థానాల కాలపు చెరువులు మళ్లీ అలుగు పోశాయి. వలస పోయినవాళ్లలో ఎందరో తిరిగొచ్చి నాట్లు వేశారు. ఈ నీళ్ల కోసం రెండు తరాలు పోరాడాయి, వాటిని చూసి కళ్లు చెమర్చని పాలమూరు మనిషి లేడు. కాని నీళ్లు వచ్చినంత తేలిగ్గా ఈత తిరిగి రాలేదు. ఊరి చుట్టూ నీళ్లు, ఊళ్లో ఈత రాని పిల్లలు. ప్రతి ఎండాకాలం జిల్లా పేజీలో కనబడే చావుల వెనుక ఉన్న సంగతి ఇదీ.

పైగా ఇవి పాత నీళ్లు కావు. పాత చెరువు కట్ట నుంచి లోపలికి మెల్లగా దిగేది, అడుగు వేసే కొద్దీ లోతు తెలిసేది. ఇప్పుడు మొరం కోసం, మట్టి కోసం జేసీబీలు తవ్విన గుంతలు నీళ్ల అడుగున కనబడకుండా ఉన్నాయి. మోకాలి లోతు నడిచిన పిల్లవాడు మరుసటి అడుగులో రెండు నిలువుల లోతున పడుతున్నాడు. పాత బావికి మెట్లుండేవి. ఇప్పటి కాలువకు ఏటవాలు కాంక్రీటు గోడలు, వాటి మీద నాచు. గజ ఈతగాడైనా పట్టు దొరకక జారిపోతాడు. మోటార్లు ఎప్పుడు నడుస్తాయో, కాలువలో నీటి వేగం ఎప్పుడు పెరుగుతుందో పిల్లలకు తెలిసే దారి లేదు. సోమశిల, మంచాలకట్ట వైపు వెనుకజలాలు తగ్గినప్పుడు ఒడ్డున మెత్తటి బురద మిగులుతుంది, అది మనిషిని మింగుతుంది.

జారుడుబండ ఎత్తు పిల్లవాడి కంటికి కనబడుతుంది. ఎంత దూరం జారాలో వాడే తేల్చుకుంటాడు, తప్పితే మోకాలు దోక్కుపోతుంది. నీళ్ల కింది గుంత ఏ పిల్లవాడి కంటికీ కనబడదు, అక్కడ రెండోసారి ప్రయత్నించే అవకాశమే లేదు. మొదటి రకం ప్రమాదంతో పిల్లలు ఎదుగుతారు. రెండో రకాన్ని తొలగించడం పెద్దల బాధ్యత. మనం ఈ రెంటినీ ఒకే గాటన కట్టి, జారుడుబండ ఎక్కకుండా పిల్లల్ని ఆపేసి, చెరువులో గుంతల్ని అట్లాగే వదిలేశాం.

భయపడే తల్లిదండ్రుల్ని నేను తప్పుపట్టను. ఊరికి కాపలాగా ఉన్న కళ్లు తగ్గిపోయాయి. చెరువు దగ్గర బట్టలుతికేవారు లేరు, పశువుల కాపరులు తగ్గారు, పొలాల్లో పొద్దంతా ఉండేవారు తక్కువ. కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి, ఎర్రవల్లి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలుగా ఊళ్లను రెండుగా చీల్చింది. పక్క వాడలోని స్నేహితుడి ఇంటికి పిల్లవాణ్ణి ఒంటరిగా పంపాలంటే ఏ తల్లికైనా గుండె దడే. అందుకే చేతికి ఫోన్ ఇచ్చి గడపలోపల కూర్చోబెడుతున్నారు. ప్రైవేటు బడుల్లో ఎన్నింటికో ఆటస్థలమే లేదు. సర్కారు బడికి ఉన్న స్థలానికి సాయంత్రం నాలుగున్నరకు తాళం పడుతుంది. టెన్త్ అయ్యేసరికి హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీ హాస్టలు. చెట్టెక్కని, దారి తప్పని, దెబ్బ తగిలించుకోని, ఓడిపోని పిల్లవాడు పదహారేళ్లకు ఒక్కసారిగా ర్యాంకుల పోటీలో పడతాడు. ఆ హాస్టళ్ల నుంచి వినవస్తున్న విషాదాలకు ఇదొక్కటే కారణమని నేననను. ఓటమిని చిన్నచిన్న మోతాదుల్లో చవిచూడని బాల్యం ఆ పిల్లల్ని బలహీనపరుస్తోందని మాత్రం, తరగతి గదిలో ఇన్నేళ్లు నిలబడినవాడిగా నమ్ముతున్నాను.

నీట మునక మన ఒక్కరి సమస్య కాదు. 2021లో ప్రపంచవ్యాప్తంగా దాదాపు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారని, వారిలో నాలుగో వంతు అయిదేళ్ల లోపు పిల్లలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో చెప్పింది. మన దేశంలో ఏటా 30 వేలకు పైగా ఇట్లా పోతున్నారు. ఆరోగ్య సంస్థ సూచించే మార్గాల్లో ఈత వద్దనడం లేదు. చంటిపిల్లలకు నీటికి దూరంగా సంరక్షణ కేంద్రాలు, ప్రమాదకరమైన చోట్ల అడ్డుకట్టలు, బడి ఈడు పిల్లలకు ఈత, నీటి జాగ్రత్తలు, ఊరివాళ్లకు రక్షించే పద్ధతుల్లో, ఊపిరి అందించడంలో శిక్షణ: ఇవీ ఆ మార్గాలు. మన కేంద్ర ఆరోగ్య శాఖ కూడా 2023 డిసెంబరులో నీట మునక నివారణకు ఒక వ్యూహపత్రం విడుదల చేసింది.

బంగ్లాదేశ్ పల్లెలు మనకన్నా ఎక్కువ నీళ్ల మధ్య, తక్కువ డబ్బుతో బతుకుతున్నాయి. వాళ్లు కోట్లు పెట్టి ఈతకొలనులు కట్టలేదు. ఊరి చెరువులోనే వెదురు బొంగులతో చట్రం కట్టి, అడుగున వెదురు తడిక పరిచి, అందులో స్థానికుల చేతనే పిల్లలకు ఈత నేర్పించారు. అట్లా నేర్చిన పిల్లల్లో మునక మరణాలు, నేర్వని పిల్లలతో పోలిస్తే 90 శాతానికి పైగా తక్కువని పరిశోధనలో తేలింది. వెదురు మనకూ ఉంది, చెరువులు మనకూ ఉన్నాయి.

ప్రభుత్వం తాడు పట్టుకుంటే పేదింటి పిల్లలు ఎంత ఎత్తుకు పోగలరో మనమే లోకానికి చూపాం. 2014 మే 25న మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. నిజామాబాద్ జిల్లా పాకాలలో వ్యవసాయ కూలీల బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకులం విద్యార్థిని. ఆమెతో పాటు ఖమ్మం ప్రాంతపు దళిత విద్యార్థి ఆనంద్ కుమార్ కూడా శిఖరం చేరాడు. వాళ్లను నేరుగా మంచులోకి తోసేయలేదు. భువనగిరి బండ మీద మొదలుపెట్టి, డార్జిలింగ్‌లో శిక్షణ ఇప్పించి, మెట్టు మెట్టుగా పైకి తీసుకుపోయారు. మా మోటబావిలో నడిచిన పద్ధతి కూడా అదే. ఆడపిల్ల, గిరిజన బిడ్డ కొండ ఎక్కగలిగినప్పుడు, మన ఊరి ఆడపిల్లలు చెరువును అడ్డంగా ఈదలేరా?

ఇక నా విన్నపాలు. అన్నీ మీ అధికార పరిధిలో ఉన్నవే.

మొదటిది: ఈ ఎండాకాలమే ఒక్కో జిల్లాలో కొన్ని చెరువులను ఎంచి, లోతు కొలిచి, గుంతలు లేని చోట చట్రం కట్టించి ఈత శిబిరాలు పెట్టించండి. నేర్పేవాళ్లను బయటి నుంచి తేనక్కర్లేదు. మత్స్య సహకార సంఘాల్లో పుట్టినప్పటి నుంచి నీళ్లలో ఉన్నవాళ్లున్నారు. వాళ్లకు రక్షణ పద్ధతుల్లో, ఊపిరి అందించడంలో శిక్షణ ఇప్పించి, గౌరవవేతనం ఇవ్వండి. ఆడపిల్లలకు వేరే సమయం, మహిళా శిక్షకులు ఉండాలి. ఏ కులపు పిల్లలైనా అవే నీళ్లలో దిగాలి. ఇందులో బేరం కుదరదు.

రెండోది: మట్టికి, మొరానికి అనుమతి ఇచ్చే కాగితంలోనే షరతు రాయించండి. ఊరి పిల్లలు దిగే ఒడ్డున తవ్వకూడదు, తవ్విన గుంత అంచుల్ని ఏటవాలు చేసి వదలాలి, పని అయిపోయాక అధికారి వచ్చి చూడాలి. వాడకంలో లేని బోరుబావుల్ని పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. పాడుబడిన వ్యవసాయ బావులకూ అదే శ్రద్ధ కావాలి.

మూడోది: ఊళ్లకు ఆనుకుని పోయే కాలువల లైనింగ్‌లో అక్కడక్కడా ఇనుప మెట్లు బిగించండి. కాలువకు అడ్డంగా తేలే తాళ్లు కట్టండి. నీళ్లు వదిలే ముందు ఊళ్లో చాటింపు వేయించండి. కాలువ కట్టిన ఖర్చులో ఇది లెక్కలోకే రాదు.

నాలుగోది: ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది. అది లేని బడికి గుర్తింపు పొడిగించే ముందు ఒకసారి ఆలోచించండి. సర్కారు బడి స్థలాన్ని సాయంత్రం ఊరి పిల్లలకు తెరిచి ఉంచండి. 2022లో ఊరూరా పెట్టిన క్రీడా ప్రాంగణాల్లో పిల్లలు నిజంగా ఆడుతున్నారో లేదో తిరిగి చూడండి. బోర్డు ఉండి ఆట లేని చోటును ఊరి నడుమకు మార్చండి. అక్కడ ఎక్కడానికి బండరాళ్లు, వేలాడడానికి చెట్లు, తవ్వుకోవడానికి మట్టి ఉంటే చాలు.

అయిదోది: జిల్లా రోడ్డు భద్రతా కమిటీలకు మీరే అధ్యక్షులు. బడులున్న చోట వాహనాల వేగం తగ్గించి, పిల్లలు నడిచి, సైకిలు తొక్కి బడికి చేరే దారుల్ని కాపాడండి. తనంతట తాను బడికి నడిచిపోయే పిల్లవాడికి ఆ నడకే సగం చదువు.

ఆరోది: నడిగడ్డలో సీడ్ పత్తి పూత కాలంలో తనిఖీలు ఆపకండి. చేలో పనిచేసే పిల్లకు ఆట గురించి చెప్పే ముందు ఆమెను చేలోంచి బడికి తేవాలి.

ఊరి పెద్దలకు, తల్లిదండ్రులకు కూడా ఒక మాట. కలెక్టర్లు చట్రం కట్టించగలరు కాని పిల్లవాడి చేయి వదలవలసింది మీరే. మోకాలు దోక్కుపోతే బడి మీదికి గొడవకు పోకండి. చెట్టు మీంచి దిగమని అరిచే ముందు, ఎట్లా దిగాలో అడగండి. సాయంత్రం ఒక గంట చెరువు కట్ట మీద, బడి ఆవరణలో కూర్చోండి. మీ పిల్లల కోసమే కాదు, అక్కడ ఉన్న పిల్లలందరి కోసం. ఊరి కళ్లు తిరిగి వస్తేనే పిల్లలు తిరిగి బయటికి వస్తారు.

ఈ పనికి మనుషులు దొరకరేమోనని మీరు సందేహించవద్దు. ఈత వచ్చిన చివరి తరం మేమే. మూడు జిల్లాల్లోనూ నా ఈడు రిటైర్డ్ టీచర్లు, రైతులు, చేపలు పట్టే పెద్దలు ఉన్నారు. ఇంకో పదేళ్లు పోతే మాలో చాలామంది నీళ్లలో దిగలేరు, ఈ విద్యను చేతికి అందించేవాళ్లూ ఉండరు. అందుకే వచ్చే ఏడాదికి చూద్దామనవద్దని అడుగుతున్నాను. ఒక్కో జిల్లాలో ఒక్క చెరువుతో మొదలుపెట్టండి. లోతు కొలిపించి, అనుమతి ఇచ్చి, ఒక అంబులెన్సును, ఒక అధికారిని అందుబాటులో ఉంచండి. గట్టున నిలబడి చూసేవాళ్లను, నీళ్లలో దిగి నేర్పేవాళ్లను ఊళ్ల నుంచి మేం కూడగడతాం.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
వనపర్తి జిల్లా